శిఖంలో ఇల్లు కొనబోతున్నవాడి బహిరంగ లేఖ

మహారాజశ్రీ అమెరికా సైనిక ఇంజనీర్ల దళాధిపతి గారి దివ్యసముఖానికి,

హ్యూస్టన్ పడమటి శివారు కేటీలో ఇల్లు చూస్తున్నాను. నాలుగు పడకగదులు, తూర్పు గుమ్మం. మా ఆవిడకు వాస్తు నచ్చింది. నాకే, పెరటి కంచె అవతలి చెట్లూ పొదలూ చూస్తే అనుమానం. అది తమరి బార్కర్ జలాశయమట. చుక్క నీరు లేదు. లోపల జార్జ్ బుష్ పార్కు, పిల్లలు సాకర్ ఆడుకుంటున్నారు.

1929, 1935 వరదల్లో బఫెలో బేయూ అనే వాగు నగరం నడిబొడ్డును ముంచిందని తమరు 1940లలో బార్కర్, అడిక్స్ కట్టలు పోశారు. వాననీళ్లు ఆపాలి, తర్వాత మెల్లగా బేయూలోకి వదలాలి. మంచి ఆలోచనే. కానీ కట్ట వెనక నీళ్లు ఎంత దూరం ఎగదన్నగలవో అంత భూమీ కొనలేదు. వరిపొలాలూ పశువుల బీళ్లూ కదా, మునిగితే ఎవరడుగుతారు! ఆ బీళ్లలోనే తర్వాత వేల ఇళ్లు లేచాయి. గడ్డినేల మీద కాంక్రీటు పరిచాక వాననీళ్లు నేలలోకి ఇంకే చోటు తగ్గింది.

2017 ఆగస్టులో హరికేన్ హార్వీ వచ్చినప్పుడు జలాశయం తన హద్దులు తనే కొలుచుకుంది. ఎగువ ఇళ్లలోకి నీళ్లు. కట్టల మీద ఒత్తిడి పెరిగిందని గేట్లెత్తితే దిగువన బేయూ ఒడ్డు ఇళ్లలోకీ నీళ్లు. (ఇంత సమానంగా పంచిన ప్రభుత్వాన్ని నేనెరగను.) ఎగువ ఇళ్ల విషయంలో బాధ్యత ప్రభుత్వానిదేనని 2019లో ఫెడరల్ కోర్టు తేల్చింది. ఫోర్ట్ బెండ్ కౌంటీలో కొన్ని లేఅవుట్ల మ్యాపుల మీద, ఇక్కడ నీళ్లు నిలవవచ్చని ఒక వాక్యం ఉంది. ఇల్లు కొనేవాడు ఆ మ్యాపు దాకా వెళ్తేగా!

మా వైపు ఇలాంటి నేలను చెరువు శిఖం అంటారు. అక్కడా ప్లాట్లు చేసి అమ్ముతారు. కాకపోతే హైదరాబాదులో 2024 నుంచి, ఆలస్యంగానైనా, చెరువుల ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా బుల్డోజరొచ్చి అది చెరువు నేలన్న ముక్క చెబుతోంది. తమరి దగ్గర హరికేనే వచ్చి చెప్పాలి.

కాబట్టి నా మనవి: జలాశయం నిండితే నీళ్లెక్కడి దాకా వస్తాయో ప్రతి ఇంటి గోడ మీదా నీలిరంగు గీత గీయించండి. మోకాలి ఎత్తా, స్విచ్‌బోర్డు ఎత్తా తెలిస్తే ఎంతకు బేరమాడాలో తెలుస్తుంది. ఏజెంటు మంగళవారంలోగా మాట చెప్పమంటున్నాడు. పెయింటరును సోమవారానికల్లా పంపగలరు.

ఇట్లు,
తమ విధేయుడు