తిండి తీసేస్తే అంతా బాగానే ఉంది

జీతం వచ్చిన మూడో వారానికే పోపుల డబ్బాలో దాచిన నోట్లు కూడా బయటికి తీయవలసి రావడం మధ్యతరగతి గృహాలకు కొత్త కాకపోయినా, ఆ లోటును గణితంతో పూడ్చే ఉపాయం అర్థశాస్త్రంలో ఎప్పటి నుంచో సిద్ధంగా ఉంది. ఆహార, ఇంధనాలను పక్కన పెట్టి మిగిలిన వాటి ధరల పెరుగుదలను మాత్రమే లెక్కించే పద్ధతిని ‘కోర్ ద్రవ్యోల్బణం’ అంటారు. ఆ రెండింటి ధరలు వానలను బట్టీ చమురు మార్కెట్‌ను బట్టీ ఎగిరిపడతాయి గనుక, వాటిని తీసేస్తే అసలు ధోరణి తేటపడుతుందన్నది నిపుణుల వాదన (వాదనగా అది తప్పేమీ కాదు). అయితే 2022-23 గృహ వినియోగ వ్యయ సర్వే ప్రకారం కుటుంబ ఖర్చులో గ్రామాల్లో సుమారు 46 శాతం, పట్టణాల్లో సుమారు 39 శాతం తిండికే పోతున్నందున, ఇదే పద్ధతిలో బియ్యం, కందిపప్పు, నూనె, గ్యాస్ బండ పద్దులను కొట్టివేసిన ఏ గృహిణి అయినా నెలాఖరుకు మిగులు బడ్జెట్ చూపగలదు, ఇంటిల్లిపాదీ నెలంతా నిరాహారంగా ఉండగలిగితే.

ద్రవ్యోల్బణం తగ్గిందంటే ధరలు తగ్గాయని కాదు, పెరిగే వేగం తగ్గిందని మాత్రమే అర్థం: 100 రూపాయల సరుకు ఒక ఏడాది 106కు ఎగబాకి, మరుసటి ఏడాది 108 దగ్గర ఆగితే గణాంకవేత్త ఊరట చెందుతాడు గానీ, కిరాణా కొట్టువాడు 108 రూపాయలే అడుగుతాడు. 2016 నుంచి చట్టబద్ధమైన లక్ష్యం సైతం 4 శాతం పెరుగుదలే. దానికి అటూ ఇటూ 2 శాతం వెసులుబాటు రిజర్వు బ్యాంకుకు ఉన్నా, అటువంటిది పాలవాడు గానీ ఇంటి యజమాని గానీ ఇంతవరకు ఏ కుటుంబానికీ ప్రకటించలేదు.