తర్వాత చూసుకుందాం

మంగళగిరి చుట్టుపక్కల ఇంజినీరింగ్ కాలేజీలకు కొదవ లేదు. ఆ హాస్టళ్లలో ఫస్టియర్ కుర్రాడి చెవిలో సీనియర్ ఊదే మంత్రం ఒక్కటే: "ముందు రన్ అవనీరా, మిగతాది తర్వాత చూసుకుందాం." ఆ 'తర్వాత' ఏ పంచాంగంలోనూ కనబడదు.

శిష్యుడి ల్యాప్‌టాప్ తెరిచి చూడండి. కరెంటు బిల్లు లెక్కగట్టే ప్రోగ్రాం. యూనిట్ల పేరు ఎ, రేటు పేరు ఎఎ, బాకీ పేరు టెంప్2. టెంప్1 ఏమైందో వాడికీ తెలియదు. ఫైళ్లు నాలుగు: ఫైనల్, ఫైనల్ న్యూ, అసలు ఫైనల్, ముట్టుకోవద్దు. మార్పులన్నిటినీ వరసగా దాచిపెట్టే గిట్ 2005 నుంచీ ఊరికే దొరుకుతోంది. 'ఇంటర్వ్యూలో అడిగితే చదువుతా' అంటాడు. వైవాలో "ఈ లైను ఎందుకయ్యా?" అంటే, "తీసేస్తే రన్ అవ్వట్లేదు సార్!"

ఎర్ర అక్షరాల్లో ఎర్రర్ వస్తే పైన ట్రై, కింద ఎక్సెప్ట్, దాని కింద 'ఏమీ చేయకు' అనే పాస్. ప్రోగ్రామూ పాస్, కుర్రాడూ పాస్. మంగళగిరి కొండమీద పానకాల స్వామి పానకాన్ని గుటకల చప్పుడు వినబడేలా తాగి, సగం భక్తుడికే వదిలేస్తాడని ప్రతీతి. ఈ పాస్ మాత్రం తప్పునంతా చప్పుడు లేకుండా మింగేస్తుంది.

"దురలవాటే మనకు అన్నం పెట్టింది కదండీ!" అంటారు. నిజమే. మెమరీ ఖరీదైన రోజుల్లో ఏడాదిని రెండంకెలతో సరిపెట్టారు. 2000 వస్తే కంప్యూటర్లు 1900 అనుకుంటాయన్న భయం పుట్టాక, హైదరాబాద్ అమీర్‌పేటలో కోబాల్ అనే పాత ప్రోగ్రామింగ్ భాష నేర్చుకున్న మనవాళ్లు విమానమెక్కారు. కానీ వాళ్లు వెళ్లింది ఒకరి 'తర్వాత'ని బాగుచేయడానికి!

సీనియర్ కోడ్ కాపీ కొడితే చాలంటారా? 1996 జూన్ 4న ఏరియాన్ 5 రాకెట్‌లో పాత ఏరియాన్ 4 కోడ్‌నే కొంత వాడారు. కొత్త రాకెట్ వేగానికి సరిపోతుందో లేదో పరీక్షించలేదు. 16 బిట్లలో పట్టని అంకె వచ్చిపడింది. ఎగిరిన 40 సెకన్లలోపే రాకెట్ తునాతునకలు.

అర్థమయ్యే పేరు పెట్టడానికి, ప్రోగ్రాంకి సున్నా ఇచ్చి, ఖాళీ ఇచ్చి, మైనస్ ఇచ్చి చూడటానికి పది నిమిషాలు చాలు. అంత తీరిక మనకెక్కడిది? నాలుగేళ్లకు అదే అలవాటు ఏ ఆసుపత్రి కౌంటర్‌కో చేరుతుంది. "సిస్టమ్ తీసుకోవట్లేదమ్మా, రేపు రండి" అని ముసలమ్మను తిప్పి పంపుతారు. ఆ సిస్టమ్‌కీ ఓ తండ్రి ఉంటాడు. ల్యాబ్‌లో వాడికి నూటికి తొంభై.