అల్లుడొచ్చాడు, లాంఛనాలేవి?

మిల్లింగ్ మిషనును ఇంటికి తెచ్చుకున్నవాడికి కొత్త అల్లుడొచ్చినట్టే. తెచ్చిన రోజు ఖర్చు ఒక ఎత్తు, ఆ తర్వాతి లాంఛనాలు మరో ఎత్తు. వైస్ లేనిదే ముక్క పట్టదు. క్లాంపులు లేనిదే వైస్ నిలవదు. టీ-నట్లు లేనిదే క్లాంపులు బిగవవు.

హిమాయత్‌నగర్ లాంటి చోట ఈ అల్లుడి కాపురం మరీ విడ్డూరం. బట్టల దుకాణాలు, టిఫిన్ సెంటర్లు, కోచింగ్ బోర్డుల నడుమ ఓ పాత ఇంటి కారు షెడ్డులో రిటైరైన ఇంజినీరొకాయన ఈ పని పెట్టుకున్నాడనుకుందాం. కారు వీధిన పడింది. మిషను మోటారు అడిగేది 415 వోల్టుల త్రీఫేజు, ఇంట్లో ఉన్నది 230 వోల్టుల సింగిల్ ఫేజు. మధ్యవర్తిగా ఒక వీఎఫ్‌డీ డబ్బాను కూర్చోబెట్టి మోటారును ఒప్పించాలి. షెడ్డులో దీపం వెలిగేసరికి ఇంట్లో సగం గొడవ అయిపోయి ఉంటుంది.

ఇనుము పని ఈ పేటకు మరీ దూరమైందేమీ కాదు. ఇందిరా పార్కు దాటితే కవాడిగూడ. 1943లో మొదలైన ప్రాగా టూల్స్ అక్కడే లేత్ చక్కులు, కటర్లకు పదునుపెట్టే గ్రైండర్లు చేసేది. బాలానగర్‌లోని సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ 1968 నుంచీ ఈ విద్య నేర్పుతోంది. రాణీగంజ్ వెళ్లి డబ్బు పారేస్తే క్లాంపుల సెట్టు స్టాండుతో సహా చేతికొస్తుంది. ఆయన మాత్రం కొనడు. కొనేస్తే ఇక చెయ్యడానికేముంటుంది? రాణీగంజ్ నుంచి ఆయన తెచ్చేది తుక్కు ముక్కలే. "గీ ముక్కలతోని ఏం జేస్తరు సార్?" అని షాపతను అడగడం కూడా మానేశాడు.

మొదటి లాంఛనం టీ-నట్టు. చూడ్డానికి ఇనుప బిస్కెట్టు, లోపల మాత్రం మెలిక ఉంది. మరను అడుగుదాకా కొయ్యకూడదు. కోస్తే బోల్టు కిందికి దిగి టేబుల్ గాడి అడుగును తన్నుతుంది. కింద బోల్టు నెడుతూ, పైన నట్టు లాగుతూ ఉంటే మధ్యలో గాడి అంచు విరుగుతుంది. అందుకే చివరి మరలను సగంలో వదిలేస్తారు. పనిని సగంలో వదిలేయడంలో ఈయనకు ఎవరూ నేర్పాల్సిందేమీ లేదని వాళ్లావిడ అభిప్రాయం. ఆవిడ మిక్సీ కప్లర్ అరిగి చాలా రోజులైంది మరి.

రెండోది ఫ్లై కటర్. ఒక గుండ్రటి కడ్డీ, కొసన ఏటవాలు గాడి, అందులో హైస్పీడ్ స్టీలు బిట్టు, బిగించడానికి గ్రబ్ స్క్రూలు, అంతే సంగతి. 10 మి.మీ. కటరుకు మైల్డ్ స్టీలు మీద నిమిషానికి 950 చుట్లు కావాలి. 60 మి.మీ. వెడల్పున తిరిగే ఫ్లై కటరుకు 160 చాలు. ఒంటిపన్ను సరుకు కదా, చుట్టుకొక్కసారి టక్కుమంటుంది. నిమిషానికి 160 టక్కులన్నమాట. మేడ మీద అద్దెకున్నవాళ్లు మధ్యాహ్నం నిద్ర మానుకున్నారు.

అసలు లాంఛనం డివైడింగ్ హెడ్. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల్లో హజ్రా చౌధురీ వర్క్‌షాప్ టెక్నాలజీ రెండో భాగం దొరికినప్పటి నుంచి ఆయనకు ఇదే ధ్యాస. లోపల 40 పళ్ల చక్రం, దాన్ని తిప్పే వర్మ్ ఉంటాయి. హ్యాండిల్ 40 చుట్లు తిరిగితే ముక్క ఒక్క చుట్టు. 30 పళ్ల గేరు కావాలంటే పన్నుకొక చుట్టూ మూడో వంతూ. ఆ మూడో వంతును హ్యాండిల్ వెనకుండే ప్లేటు మీద 18 రంధ్రాల వరసలో 6 ఖాళీలు లెక్కపెట్టి తిప్పాలి.

ఆయనకు పట్టింది 127 పళ్ల గేరు పిచ్చి. అంగుళాల లేత్ మీద మిల్లీమీటర్ల మర కచ్చితంగా కొయ్యాలంటే అది కావాలి. 127 ప్రధాన సంఖ్య, మామూలు ప్లేట్లకు లొంగదు. 127 రంధ్రాల ప్లేటే ఉండాలి. అలాంటి ప్లేటు చెయ్యాలంటే చేతిలో 127 రంధ్రాల ప్లేటు ఉండాలి!

ఇక్కడ పాతకాలపు మేస్త్రీల చిట్కా ఒకటుంది, కాస్త గారడీలాగే ఉంటుంది. కాగితం పట్టీ మీద 4 మి.మీ.కొక గీత చొప్పున 127 భాగాలు గీస్తారు. మొత్తం 508 మి.మీ. దాదాపు 161.7 మి.మీ. వ్యాసమున్న బిళ్ల చుట్టూ అంటించి, గీతల్ని బట్టి చేత్తోనే రంధ్రాలు వేస్తారు. ఒక్కటీ సరిగ్గా ఉండదు, పరవాలేదు. ఆ వంకర ప్లేటును డివైడింగ్ హెడ్‌కు తగిలించి, దాని సాయంతో కొత్త ప్లేటుకు రంధ్రాలు వేస్తే తప్పు 40వ వంతుకు తగ్గుతుంది. అర మిల్లీమీటరు వంకర కాస్తా అంతే వ్యాసార్థం దగ్గర మిల్లీమీటరులో 80వ వంతవుతుంది. వర్మ్ చక్రంలోనే లోపముంటే మాత్రం ఈ గారడీ పారదు.

"ఏమండీ, ఇంతకీ ఆ గేరు దేనికి?"

"లేత్‌కి. మిల్లీమీటర్ల మర కొయ్యాలిగా."

"ఆ మర దేనికి?"

"రోటరీ టేబుల్ స్క్రూకి."

"ఆ టేబుల్ దేనికండీ?"

ఆయన నసిగాడు. ఆవిడ మిక్సీని సంచీలో వేసుకుని వెళ్లి, వీధి చివరి దుకాణంలో కప్లర్ మార్పించుకొచ్చింది. అరిగిన పాత కప్లర్‌ను ఆయన చెత్తబుట్టలోంచి ఏరి తీశాడు, వెనక్కీ ముందుకీ తిప్పి చూశాడు. ఆరు పళ్లు. అంటే పన్నుకు ఆరు చుట్లు, ఆపైన 18 రంధ్రాల వరసలో 12 ఖాళీలు.