వీసారహితుడు

విదేశయానం చేసే తెలుగువారిలో ఇటీవల ప్రబలిన ఒక తెగకు శాస్త్రీయ నామమేదీ ఇంతవరకు లేనందున, దానికి చెందినవాణ్ణి వీసారహితుడు అనడం సమంజసం. 2023 నవంబరు 10 నుండి థాయిలాండ్, డిసెంబరు 1 నుండి మలేషియా భారతీయ పర్యాటకులకు 30 రోజుల వరకు వీసా, అనగా ముందుగా పొందవలసిన ప్రవేశానుమతి, అక్కరలేదన్నప్పటి నుండి ఈ తెగ బాగా వృద్ధి చెందింది. పర్యాటకులు పెట్టే ఖర్చుపై ఆశతో ఆ దేశాలు చేసిన సడలింపును ఇతడు తన వ్యక్తిగత ప్రతిష్ఠకు దక్కిన గౌరవంగా భావిస్తాడు. 2024 జూలైలో థాయిలాండ్ ఆ గడువును 60 రోజులకు పెంచినప్పుడు, ఆఫీసులో ఐదు రోజుల సెలవు దొరకడమే గగనమైన ఇతడు మిఠాయిలు పంచాడు.

అమెరికా వీసా కోసం చిలుకూరు బాలాజీ గుడిలో 11 ప్రదక్షిణలు చేసి, కోరిక తీరాక 108 తిరిగి మొక్కు చెల్లించేవారంటే ఇతనికి జాలి. తానూ ఒకప్పుడు ఆ 11 తిరిగి, 108 తిరిగే అవసరం రాక ఊరుకున్న సంగతి మాత్రం చెప్పడు. తమ మధ్య సరిహద్దు తనిఖీలు ఎత్తివేసుకున్న 29 ఐరోపా దేశాల షెంగెన్ ప్రాంతం భారతీయులను వీసా అడుగుతుంది గనుక, పారిస్‌లో చూడదగినదేమీ లేదని ఇతని సిద్ధాంతం. పాస్‌పోర్టు సైతం అడగని నేపాల్‌కు వెళ్లడు, ఎందుకంటే అక్కడ ముద్ర పడదు.

మినహాయింపు ముందస్తు అనుమతికే తప్ప తనిఖీకి కాదనీ, లోనికి రానిచ్చే తుది నిర్ణయం సరిహద్దు వద్ద ఇమ్మిగ్రేషన్ అధికారిదేననీ ఇతనికి తోచదు. శుభలేఖ అడగలేదు కదా అని తిన్నగా పంక్తిలో కూర్చున్న అతిథిలా నిలబడిన ఇతణ్ణి, ఆ అధికారి తిరుగు టికెట్టు, బస వివరాలు, చేతి ఖర్చుకు డబ్బు చూపమన్నప్పుడు, భార్య తన సంచిలోంచి ఆ కాగితాలన్నీ వరుసగా తీసి ఇస్తుంది. 2025 మే 1 నుండి థాయిలాండ్ తప్పనిసరి చేసిన డిజిటల్ అరైవల్ కార్డును, అంటే రాకకు మూడు రోజుల ముందు నుండి ఆన్‌లైన్‌లో నింపగల ప్రవేశ వివరాల పత్రాన్ని, ఇద్దరి పేర్లతో నింపిందీ ఆమెయే. ముద్ర పడగానే వెనుక వరుసవారివైపు తిరిగి, ఈ దేశంలో కాగితాలతో పనే లేదని వివరించేవాడు మాత్రం ఇతడు.