సెప్టెంబరు నెల అజ్ఞానము

విద్యార్థి ఏమియు తెలియకుండ బడికి వచ్చుట పూర్వకాలమున ఉపాధ్యాయునికి తలభారముగా నుండెడిది; అమెరికా సంయుక్త రాష్ట్రములలో, విశేషించి పసిఫిక్ తీరమున వాయవ్య మూలనున్న వాషింగ్టన్ రాష్ట్రములో, అది ఇప్పుడాయనకు కొంగుబంగారమైనది. బడులు తెరచు సెప్టెంబరు మాసమున పిల్లలు ఎంత తెలియనివారై కనబడుదురో, బడులు మూయునాటికి వారంత ఎదిగినట్లు లెక్క తేలును. ఆ ఎదుగుదలయే ఉపాధ్యాయుని యోగ్యతకు కొలబద్ద యగును. కావున వివేకవంతుడైన ఉపాధ్యాయుడు అచ్చట శరదృతువు ఆరంభమున తన శిష్యుల అజ్ఞానమును, రైతు విత్తనపు గింజలను దాచుకొన్నంత భద్రముగా, కాగితముపై నమోదు చేసి దాచుకొనును.

ఈ ధర్మసూక్ష్మమునకు శాసనబలము లేకపోలేదు. ఆ రాష్ట్ర శాసనసభ 2010లో ఒక చట్టమును, దానికి మెరుగులు దిద్దుచు 2012లో మరియొక చట్టమును చేసి, ఉపాధ్యాయుని పనిని ఎనిమిది ప్రమాణములుగా విభజించి, వానిలో మూడింటియందు విద్యార్థుల వృద్ధిని ముఖ్యాంశముగా చేర్చి, 2013–14 విద్యాసంవత్సరము నుండి ఊరూరి బడులలో అమలునకు తెచ్చెను. తుదకు టీచరుకు లభించు బిరుదములు నాలుగు: అసంతృప్తికరుడు, ప్రాథమికుడు, ప్రవీణుడు, విశిష్టుడు. తక్కిన అన్ని విధముల విశిష్టుడనిపించుకొన్నవాడైనను, వృద్ధి పట్టికలో ‘తక్కువ’ అని పడినచో, ఒక మెట్టు దిగి ప్రవీణుల పంక్తిలో కూర్చుండవలసినదే; అంతటితో పోదు, ఎందుచేత తక్కువైనదో విచారణ కూడ జరుగవలసినదే. లక్ష్యములు మూడు తెరగులు: తరగతి మొత్తమునకొకటి, అందులో వెనుకబడిన కొందరికొకటి, తోడి టీచర్లతో కలిసి పెట్టుకొను ఉమ్మడి లక్ష్యమొకటి. ఈ లక్ష్యములను నిర్ణయించు మహానుభావుడెవడా యని పాఠకులు వెదకనక్కరలేదు, ఆ టీచరే. ప్రిన్సిపాలు ఆమోదముద్ర వేయును. తన్ను తూచు రాళ్లను తానే ఏరి తెచ్చుకొను భాగ్యము లోకమున ఎందరికి పట్టును?

ఆ తంతును దగ్గరగా చూచిన గాని దాని సొగసు తెలియదు. నాలుగవ తరగతి టీచరమ్మ సెప్టెంబరు రెండవ వారమున పిల్లలకు భిన్నములలో పరీక్ష పెట్టుననుకొందము. ఆ పాఠము అప్పటికింకను చెప్పలేదు, చెప్పవలసినది జనవరిలో. మూడింట రెండు వంతులును ఆరింట నాలుగు వంతులును సమానమా కాదా యను ప్రశ్నకు, తొమ్మిదేండ్ల పిల్లవాడొకడు పెన్సిలు వెనుక రబ్బరును కొరికి కొరికి, తుదకు కాగితము నిండ ఒక పిజ్జా బొమ్మ వేసి, దానిపై పెపరోనీ ముక్కలను కూడ గుండ్రముగా దిద్ది, ఇచ్చివేయును. టీచరమ్మ ఆ బొమ్మకు సున్న చుట్టి, పైకి విచారము నటించి, లోలోపల పరమానందభరితురాలగును; ఏలయన, సున్నకు మించిన పునాది లేదు. అక్టోబరులో ఆమె ప్రిన్సిపాలు ఎదుట కూర్చుండి ఫారము నింపును: ఏప్రిల్ నెలాఖరునకు 26 మంది పిల్లలలో 21 మంది ఈ పరీక్షనే మరల వ్రాసి నూటికి 80 మార్కులు తెచ్చుకొందురు. ప్రిన్సిపాలు కళ్లజోడు సవరించుకొని, 22 అనరాదా యని అడుగును. 21 చాలునండీ యని ఆమె బతిమాలును. కొంత బేరము జరిగి 21 దగ్గరనే తెగును. ఇంతకంటె గట్టిగా పట్టుపట్టుటకు ఆయనకును మనసొప్పదు, ఆయన యోగ్యతను కూడ పైవారు ఇట్టి లక్ష్యములతోనే కొలుచుచున్నారు గనుక. నెలలు గడచును, పాఠము చెప్పినంత మాత్రమున పిల్లలకు, చెప్పకముందటి కంటె ఎంతో కొంత ఎక్కువ తెలియును, అందుకు ‘వృద్ధి’ యని పేరు పెట్టి, అంకెలు వేసి, ఫైలునకు దారము కట్టుదురు.

ఇట్టి సుఖసంసారమునకు శత్రువొక్కడే: ముందే అన్నియు వచ్చిన పిల్లవాడు. ఈ విషయమున మన తెలుగువారు ఆ రాష్ట్రమునకు చేయుచున్న అపకారము ఇంతింత యనరానిది. రెడ్మండ్, బెల్వ్యూ, సమామిష్ పట్టణములలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగములు చేసికొనుచు కాపురముండు మనవారు, వేసవి సెలవులలో పిల్లవానిని ఊరక ఆడుకొననిచ్చుట మహాపాపమని యెంచి, కూమాన్ తరగతులకు పంపి, కారు వెనుక సీటులో ఎక్కములు అప్పజెప్పించుకొని, ఆగస్టు వెళ్లకముందే వానికి భిన్నములును, దశాంశములును, వీలు చిక్కినచో బీజగణితపు మొదటి మెట్టును ఎక్కించి, సెప్టెంబరులో బడికి తోలుదురు. మావాడికి ఇవన్నీ వచ్చేసినవని తల్లి పేరెంట్ల సమావేశములో ఉప్పొంగుచు చెప్పుచుండగా, టీచరమ్మ నవ్వుచునే మనసులో తీసివేత చేసికొనుచుండును. ఆ పిల్లవాని పేరు చింటూ యనుకొందము; వానికి మొదటి పరీక్షలో 96 వచ్చినవి. తుది పరీక్షలో నూటికి నూరు తెచ్చినను వాని వృద్ధి నాలుగే. పక్క బల్లనున్న పిజ్జా చిత్రకారుడో, సున్న నుండి బయలుదేరి 80కి చేరి, ఆమెను విశిష్టుల సరసన కూర్చుండబెట్టును. తెలివిగల శిష్యుడు గురువునకు కీర్తి తెచ్చునని మన పెద్దలు అమాయకముగా నమ్మిరి. వాడు గురువు సగటును పాడుచేయునని తెలిసికొనుటకు ఇరువదియొకటవ శతాబ్ది రావలసివచ్చెను. ఆమె నోరు తెరచి అనదు గాని, ఆ మొదటి పరీక్షనాడు చింటూకు కొంచెము జ్వరము తగిలియున్నచో ఇరువురకును క్షేమమై యుండెడిది.

ఇది కాలమ్ వ్రాయువాని కల్పన యని కొట్టివేయరాదు, న్యాయస్థానమునకెక్కిన సంగతి. న్యూయార్క్ రాష్ట్రమున గ్రేట్ నెక్ బడిలో నాలుగవ తరగతి చెప్పు ఒక ఉపాధ్యాయినికి, వృద్ధి అంశమున ఒక ఏడు 20కి 14 మార్కులు వచ్చి, మరుసటి ఏడు 20కి ఒకటి వచ్చెను. ఆమె మారలేదు, పాఠము మారలేదు, పిల్లలు మొదటినుండియు మంచి మార్కులవారే. వారిని ఇతర పిల్లలతో పోల్చి చూచిన లెక్క మాత్రము ఆ ఏడు వేరొక విధముగా తలయూపినది. ఆమె భర్త న్యాయవాది యగుటచేత వ్యాజ్యము నడచెను. అమెరికాలోని ప్రతి ఉపాధ్యాయినికిని వకీలు మొగుడు దొరకడు గనుక తక్కినవారి మార్కులు ఎట్లున్నవట్లే యుండెను. 2016లో న్యాయమూర్తి ఆ ఒక్క మార్కును ఆధారము లేని ఇష్టారాజ్యపు నిర్ణయమని రద్దు చేయుచు, మిక్కిలి తెలిసిన పిల్లలకు చెప్పువారికిని, మిక్కిలి వెనుకబడిన పిల్లలకు చెప్పువారికిని ఈ లెక్క అన్యాయము చేయుచున్నదను నిపుణుల సాక్ష్యమును గణనలోనికి తీసికొనెను. అనగా ఈ యంత్రము క్రింద క్షేమముగా నుండగోరువాడు మధ్యరకపు పిల్లలనే పుట్టించుమని తల్లిదండ్రులను ప్రార్థింపవలెను.

ఆ లెక్కకు వంశవృక్షము కూడ కలదు. టీచరు పిల్లలకు చేర్చిన అదనపు విలువను గణించు పద్ధతిని టెన్నెసీ రాష్ట్రము 1992లో చట్టమున కెక్కించినది. దానికి మూలపురుషుడు విలియం సాండర్స్ అను గణాంకవేత్త. ఆయన ఆ రాష్ట్ర విశ్వవిద్యాలయపు వ్యవసాయ విభాగమున పనిచేసినవాడు; ఆయన వాడిన సమీకరణముల జాతి, పాడిపశువులలో ఏ ఆబోతు సంతతి మేలైనదో అంచనా వేయుటకు వృద్ధిపొందినది. పశువులు కోర్టుకెక్కలేదు గనుక వాని యభిప్రాయము తెలియరాదు. ఫ్లోరిడాలో ఈ శాస్త్రము మరి నాలుగడుగులు ముందుకు నడచి, రెండవ తరగతి వరకే యున్న బడిలో ఒకటవ తరగతి చెప్పు ఉపాధ్యాయినిని, ఆమె ఎన్నడును పాఠము చెప్పని వేరొక బడిలోని నాలుగైదు తరగతుల పిల్లల మార్కులతో కొలిచెను. ఏలయన, ఆమె పిల్లలకు రాష్ట్ర పరీక్షయే లేదు, కొలువక విడిచిపెట్టుటకు చట్టము ఒప్పుకొనదు. 2014లో ఫెడరల్ న్యాయమూర్తి ఇది అన్యాయమని గుర్తించియు, రాజ్యాంగ విరుద్ధము మాత్రము కాదని తీర్పు చెప్పెను.

వాషింగ్టన్ రాష్ట్రము ఇంత సాహసము చేయలేదు. అందుకు శిక్షను కూడ అనుభవించెను. 2014 నాటికి దేశమందలి ప్రతి పిల్లవాడును చదువులోను గణితములోను ప్రవీణుడు కావలెనని 2002 నాటి ఫెడరల్ శాసనము. ప్రవీణులు కానివారు అక్కడక్కడ మిగులుదురని గ్రహించి, రాష్ట్రములకు షరతులతో మినహాయింపు లిచ్చిరి. టీచర్ల మదింపులో రాష్ట్ర పరీక్షల మార్కులను తప్పక చేర్చవలెననునది అందొకటి. ఇష్టమైన చేర్చుకొనవచ్చునని మాత్రమే వాషింగ్టన్ చట్టము చెప్పినందున, 2014 ఏప్రిల్‌లో ఫెడరల్ విద్యామంత్రి ఆర్న్ డంకన్ ఆ రాష్ట్రపు మినహాయింపును ఉపసంహరించెను. దేశమున అట్టి గౌరవము పొందిన మొదటి రాష్ట్రమదియే. దాని ఫలితముగా, ఆ ఏడు బడులు తెరచునప్పటికి, రాష్ట్రములోని దాదాపు అన్ని బడులును తాము విఫలమైన బడులమని తల్లిదండ్రులకు ఉత్తరములు వ్రాసికొనవలసి వచ్చెను. లోపలనున్న టీచర్లు ప్రవీణులు, విశిష్టులు. వారున్న బడులు విఫలములు. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో చేపలన్నీ మాయం! మరుసటి ఏడు డిసెంబరులో వచ్చిన కొత్త శాసనము ఆ నిర్బంధమును తొలగించి, మదింపు సంగతి రాష్ట్రముల ఇష్టమునకు విడిచిపెట్టినది.

ఇదంతయు నవీన నాగరికతా ఫలమని భ్రమపడుట చరిత్రకు ద్రోహము. ఇంగ్లండులో రాబర్ట్ ‘లో’ అను దొరగారు 1862లో తెచ్చిన నిబంధనావళి, పిల్లవాడు బడికి వచ్చినందుకు నాలుగు షిల్లింగులు, చదువు, వ్రాత, లెక్క మూడింటను ఇనస్పెక్టరు ఎదుట నెగ్గినందుకు ఎనిమిది షిల్లింగులు బడికి గ్రాంటుగా నిర్ణయించెను. ఒక్కొక్క దానిలో తప్పినకొలది రెండు షిల్లింగుల ఎనిమిది పెన్నీలు కోత. మన మద్రాసు రాజధానిలోను ఫలితములనుబట్టి గ్రాంటులిచ్చు పద్ధతి వచ్చి, మన పంతుళ్లును ఇనస్పెక్టరుగారి గుఱ్ఱపు డెక్కల చప్పుడునకు చెవులు రిక్కించి కూర్చుండిరి. పాఠ్యపుస్తకమును ఆద్యంతము కంఠస్థము చేయించి, పుస్తకము తలక్రిందులుగా పట్టుకొన్నను చదువగల బాలమేధావులను ఆ కాలపు ఇంగ్లీషు బడులు తయారుచేసినవని చెప్పుకొనుట కలదు. చురుకైన పిల్లవానిని పంతులు పట్టించుకొనడు, వాడెట్లును నెగ్గును. మందమతినే పట్టుకొని తోమును, షిల్లింగులు వాని నాలుకపై నున్నవి గనుక. చదువ వేస్తే ఉన్న మతి పోయినదన్న సామెత ఆ పంతుళ్లకును వర్తించును. ఇంగ్లండు ఆ పద్ధతిని 1890ల దశాబ్దిలో విడిచెను. మనకు ఇరువదవ శతాబ్ది ఆరంభమున దాని పీడ వదలెను. మునిమనుమల కాలమునకు అది కంప్యూటరు నెక్కి మరల విచ్చేసినది.

మరియొక వినోదమును వాషింగ్టన్ రాష్ట్రవాసులు కన్నులార చూచిరి. రెడ్మండ్‌లోని మైక్రోసాఫ్ట్ సంస్థ తన ఉద్యోగులను ఒకరితో నొకరిని పోల్చి వరుసలో నిలిపి, అడుగు వరుసకు కొందరిని విధిగా దించు స్టాక్ ర్యాంకింగ్ విధానమును చాల ఏండ్లు నడపి, అది పనికిరాదని తేల్చుకొని 2013 నవంబరులో విసర్జించెను. సరిగా ఆ విద్యాసంవత్సరముననే, ఆ కార్యాలయమునకు కూతవేటు దూరముననున్న బడులలో టీచర్లకు అంకెల మదింపు అమలునకు వచ్చెను. తండ్రికి తప్పిన తద్దినము కొడుకు టీచరుకు చుట్టుకొనినది. మైక్రోసాఫ్ట్ స్థాపకులలో నొకడైన బిల్ గేట్స్ దంపతుల ఫౌండేషను ధనమిచ్చి, మూడు జిల్లాలలోను నాలుగు చార్టరు బడుల సంస్థలలోను టీచర్ల మదింపును సంస్కరించు ప్రయోగమును ఆరేండ్లకు పైగా నడిపించినది. అందరి పెట్టుబడియు కలిసి 57 కోట్ల 50 లక్షల డాలర్లు. 2018లో రాండ్ పరిశోధన సంస్థ లెక్క చూచి, పిల్లల చదువులో ఆశించిన మెరుగుదల కనబడలేదని నివేదించెను. కొండను త్రవ్వి ఎలుకనైనను పట్టలేదు.

సంస్కర్తలకు సదుద్దేశము లేదనుట అన్యాయము. 2009లో వెలువడిన ఒక ప్రసిద్ధ నివేదిక నాలుగు రాష్ట్రములలోని 12 జిల్లాలను పరిశీలించి, అసంతృప్తికరులని తేలిన టీచర్లు నూటికొకరైనను లేరనియు, ఇట్లు మంచిచెడ్డలు ఏకముగా చూచుట తగదనియు మొఱపెట్టెను. ఆ మొఱలో సత్యము కలదు. అందుపై శాసనములు పుట్టెను, లక్ష్యములు పుట్టెను, ఫారములు పుట్టెను, పిజ్జాలకు సున్నలు పడెను. ఇన్నియు జరిగిన తరువాత 2017లో పరిశోధకులు 24 రాష్ట్రముల అంకెలను తిరిగి చూడగా, వానిలో అత్యధిక సంఖ్యాకములందు అసంతృప్తికరులు నూటికొకరి కంటె తక్కువగనే యుండిరి.

కావున ఈ మదింపు విధానమునకు దాని ఫారమునే ఇచ్చి నింపుమని కోరుట న్యాయము. మొదటి పరీక్ష: నూటికొకరిలోపు. తుది పరీక్ష: నూటికొకరిలోపు. వృద్ధి: శూన్యము. తగిలిన వ్యయము: పైన చెప్పబడినది. వాషింగ్టన్ చట్టము ననుసరించి ఇట్టి ఫలితమునకు ‘తక్కువ’ అని వ్రాసి, కారణములపై విచారణ జరిపింపవలెను. విచారణకు కూర్చుండు పెద్దలు కాగితములన్నియు సావధానముగా పరిశీలించి, మొదట పెట్టుకొన్న లక్ష్యము కొంచెము ఎత్తుగా నుండుటయే లోపమని కనుగొని, వచ్చే సెప్టెంబరునకు దానిని తగు మాత్రము దించి, విధానమునకు ‘ప్రవీణము’ అను ముద్ర వేసి పంపుదురని మాకు సంపూర్ణ విశ్వాసము కలదు. అంతకంటె తక్కువ ముద్ర ఆ దేశమున ఎవరికిని పడుట లేదు గదా!