కాకి ముట్టేదాకా

పరలోకం గురించి నాకున్న జ్ఞానంలో సగం కైకాల సత్యనారాయణగారు పెట్టిన భిక్ష. 1977లో ‘యమగోల’, 1988లో ‘యముడికి మొగుడు’, 1994లో ‘యమలీల’. మూడింట్లోనూ యముడు ఆయనే. దాంతో మా తరానికి నరకమంటే భయం పోయి, కాసేపాగితే పాటొస్తుందన్న ధీమా మిగిలింది. పైగా ‘యమలీల’లో భవిష్యవాణి పుస్తకమే చెయ్యిజారి భూమ్మీద పడుతుంది. పై ఆఫీసు కూడా మన ఆఫీసులకేం తీసిపోలేదన్నమాట.

మిగతా సగం నాయనమ్మది. భాగవతం పంచమ స్కంధంలో 28 నరకాలున్నా ఆవిడ ఒక్కదాన్నే నమ్ముకుంది: క్రిమిభోజనం. అతిథికి పెట్టకుండా తిన్నవాడు లక్ష యోజనాల పురుగుల గుంటలో తనూ పురుగై, తోటి పురుగుల్ని తింటూ, వాటికి తిండవుతూ పడుండాలి. చుట్టం చెప్పులు విడిచే చప్పుడు వినగానే నేను జంతికల డబ్బా మంచం కిందకి తోసేవాణ్ణి. ‘ఒరేయ్, పళ్లెంలో నాలుగు పెడతావా, పురుగై పుడతావా?’ అని వంటింట్లోంచే కేక. జంతికలు బయటికొచ్చేవి. ఆ గుంట ఉందో లేదో గానీ, మా ఇంటికొచ్చిన చుట్టమెవరూ ఉత్త నోటితో వెళ్లలేదు.

స్వర్గం మీద మాత్రం నాకు ఆశ లేదు. అక్కడ ఆకలి ఉండదట. ఆకలే లేనిచోట పులిహోర ఎవడిక్కావాలి? రంభా ఊర్వశీ ఉన్నారుగా అని మగాళ్లు సర్దుకుపోవచ్చు. ‘మరి మాకేం పెట్టారండీ అక్కడ?’ అని మా ఆవిడ అడిగితే నా దగ్గర జవాబు లేదు. పోనీ, వెళ్లినవాణ్ణి ఉండనిస్తారా అంటే అదీ లేదు. పుణ్యం ఖర్చయిపోగానే మళ్లీ భూలోకానికే అని గీత తొమ్మిదో అధ్యాయం తేల్చేసింది. ఆ మాత్రం దానికి ఇన్ని ఏకాదశులు పస్తుండాలా?

ఇక్కడ పెట్టిన ముద్ద పోయినవాళ్లకి చేరేటట్టయితే, ఊరెళ్లేవాడికి చద్దిమూట ఎందుకు, ఇంట్లోవాళ్లు తింటే వాడి కడుపు నిండదా అని చార్వాకులు ఏనాడో ఎగతాళి చేశారు. ఆ తర్కానికి వంక పెట్టలేను. కాకపోతే వాళ్లు మా నాన్ననీ, బాబాయినీ చూళ్లేదు.

నాయనమ్మ పోయాక పదోరోజు, గోదావరి గట్టు. పిండం పెట్టి అందరం దూరంగా జరిగాం. కాకులు రావిచెట్టు మీదే ఉన్నాయి, దిగవు. ‘ఆవిడకేదో కోరిక మిగిలిపోయింది, చెప్పుకోండి’ అన్నారు శాస్త్రిగారు. ‘అస్థికలు కాశీలో కలుపుతామమ్మా’ అన్నాడు నాన్న. ఒక కాకి మెడ తిప్పి అవతలికి చూసింది. ‘నీ గొలుసు చిన్నదాని పెళ్లికి పెడతాం’ అంది అత్తయ్య. కదల్లేదు. ఎండ మాడ్చేస్తోంది, ఇంటి దగ్గర గారెలు చల్లారిపోతున్నాయి. గోడ తగాదాతో ఏళ్ల తరబడి నాన్నతో మాటల్లేని బాబాయి ఇక తట్టుకోలేక, ‘సరేనమ్మా, అన్నయ్యతో మాట్లాడతా! దిగు!’ అని అరిచాడు.

కాకి దిగింది. ఇద్దరూ ఒకే స్కూటర్ మీద ఇంటికొచ్చారు.

దిగింది నాయనమ్మేనంటుంది అత్తయ్య. ఎండకి ఆగలేక ఆకలేసి దిగిందని నా అనుమానం. అయినా బాబాయిచేత ఆ మాట అనిపించడానికి ఊరి పెద్దమనుషుల వల్ల కాలేదు, కోర్టు వల్ల కాలేదు. మతం పోయినవాళ్లకేం చేస్తోందో చూసొచ్చి చెప్పినవాడు లేడు. ఉన్నవాళ్లచేత మాత్రం పదిమంది ఎదుట నోరు తెరిపిస్తోంది. నా భక్తి అంతవరకే.

మీ ఇంట్లోనూ మాటల్లేని అన్నదమ్ములుంటే వ్యవహారం కాకిదాకా రానివ్వకండి. మా అపార్ట్‌మెంట్ చుట్టూ ఇప్పుడన్నీ పావురాలే. వాటికి మన కోరికలతో పనిలేదు, ఏది పెట్టినా వెంటనే తినేస్తాయి.