బావగారి షాకబ్జర్లు

మా బావగారి స్కూటరు వెనక కూర్చుని దానవాయిపేట నుంచి కోటగుమ్మం దాకా వెళ్ళొచ్చినవాడికి తన వెన్నులో ఎన్ని పూసలున్నాయో డాక్టరు చెప్పక్కర్లేదు. వెనక షాకబ్జర్లు ఆయిలు కారిపోయి రెండేళ్ళయింది. మా అక్క దిండు వేసుకుని ఎక్కుతుంది. "మార్పించకూడదటండీ?" అంటే, "నడుస్తోందిగా, చూద్దాంలే" అంటారు. ఆ మనిషే జానెడు పొడవున్న రిమోటు ట్రక్కుకి ఏడాదిలో మూడు సెట్ల షాకబ్జర్లు మార్చారు. సెట్టుకి నాలుగు.

దాన్ని బొమ్మ అనకూడదు. అంటే ఆ పూట మనతో మాట్లాడరు. 1976లో జపాన్లో తమియా కంపెనీవాళ్ళు పోర్షే 934 కారు నమూనాని రిమోటుతో పరిగెత్తించిన దగ్గర్నుంచీ ఇది పెద్దవాళ్ళ వ్యవహారమట. బావగారిది అసలు బండిలో 24వ వంతు. పరుగుకి కాదు, రాళ్ళెక్కడానికి పుట్టిన జాతి. కొన్నరోజున పెరట్లో ప్రహరీ కట్టగా మిగిలిన రాళ్ళకుప్పని పెట్టెలోంచి తీసింది తీసినట్టే ఎక్కి దిగింది. అందరం చప్పట్లు కొట్టాం.

బావగారు కొట్టలేదు. ట్రక్కు నెత్తిమీద వేలుపెట్టి నొక్కి వదిలారు. అది టింగుమని లేచింది. "చూశావుటోయ్, ఎగురుతోంది" అన్నారు, పెళ్ళిచూపుల్లో పెళ్ళికొడుకు విగ్గు కనిపెట్టినవాడిలా.

ఈ జాతి మీకు తెలిసిందే. గ్రైండరు గ్యారంటీకార్డు మీద షాపువాడి సంతకం ఆరకముందే స్క్రూడ్రైవరు తీస్తారు. పాడైనది బాగుచెయ్యమంటే విసుగు. బాగున్నదాన్ని బాగుచెయ్యడమంటే పూనకం.

అలాగని విషయం లేని మనిషి కాదు. స్ప్రింగు దెబ్బ తీసుకుంటుంది గాని, తీసుకున్నది తీసుకున్నట్టే తిరిగిచ్చేస్తుంది. ఆ ఎగురుడు అణిచేది ఆయిలు. గొట్టంనిండా ఆయిలు, మధ్యలో చిల్లులున్న బుల్లి బిళ్ళ; చక్రం లేచి పడినప్పుడల్లా ఆయిలు ఆ చిల్లుల్లోంచి దూరాలి. చిల్లు సన్ననైనా, ఆయిలు చిక్కనైనా కదలిక నిదానిస్తుంది. కొన్నప్పుడు ఉన్నవి ఉత్త స్ప్రింగున్న ప్లాస్టిక్కు గొట్టాలు. కనక అల్యూమినియం షాకబ్జర్లు, వాటిలోకి సిలికాన్ ఆయిలు ఆర్డరు పెట్టారు. ఇలాంటి పార్సిళ్ళు ఆఫీసు అడ్రసుకే వస్తాయి. ధర మా అక్క చెవిన పడేసరికి చివరి సున్నా రాలిపోతుంది.

సీసా మీద '30 వెయిట్' అని ఉంది. "ఎన్ని గ్రాములండీ?" అంది అక్క.

"వెయిట్ అంటే బరువు కాదే, చిక్కదనం."

"మరి ఆ మాటే రాసి చావచ్చుగా!"

అక్కడ మొదలై అరగంట. ఒక కంపెనీ 30కీ ఇంకో కంపెనీ 30కీ పొంతన ఉండదట, సెంటీస్టోక్సుల్లో చూసుకోవాలట. అక్క అంతా విని, "అంటే 30 లేతపాకం, 60 తీగపాకం. ఇంతేగా?" అంది. బావగారు నోరు తెరిచి మూసుకున్నారు. ఆ ఇంట్లో ఇప్పటికీ ఆయిలు సీసాల పేర్లు అవే.

ఆయిలు నింపిన ఆదివారం నేనక్కడే ఉన్నాను. మే నెల. దుమ్ము పడుతుందని ఫ్యానాపేశారు. భోజనాలబల్ల మీద పాత పంచె పరిచి, కొత్త సిరంజితో గొట్టంలోకి చుక్కచుక్కగా ఆయిలు వదిలారు. బిళ్ళని పైకీ కిందికీ జోకొడుతున్నట్టు కదిపారు. బుడగలు వచ్చాయి. బుడగ మిగిలితే షాకబ్జరు చుక్‌చుక్‌మంటుంది, కాబట్టి అవి పైకి తేలి పగిలేదాకా మేమంతా కారే చెమటతో కూర్చోవాలి. మూడోది అయిపోయి నాలుగో దాన్లో బిళ్ళని పట్టి ఉంచే క్లిప్పు పెడుతుండగా టిక్కుమంది. మెంతిగింజంత క్లిప్పు.

"ఎవ్వరూ కదలకండి!"

ఆయనగారి అమ్మ చేతిలో ముద్ద నోటిదాకా వచ్చి ఆగిపోయింది. బావగారు చెంప నేలకానించి, టార్చి వేసి, ఫ్రిజ్జు కింద, మంచం కింద, చివరికి నా చొక్కాజేబులో వెతికారు. రెండ్రోజుల తరవాత మినప్పప్పు ఏరుతుంటే చేటలో దొరికింది. "రాయనుకుని పారేయబోయానే!" అని అక్క ఫోనులో నవ్వలేక ఛస్తోంది.

అన్నీ బిగించాక వేలుపెట్టి నొక్కారు. ట్రక్కు ఎగరలేదు, సంస్కారవంతుడైన అల్లుడిలా మెల్లగా నిటారయింది. నిజంగానే ముచ్చటేసింది. రాళ్ళకుప్ప దగ్గరికి తీసుకెళ్ళారు. సగమెక్కి వెల్లకిలా పడి, బొద్దింకలా చక్రాలు తిప్పింది. కొత్తవి పాతవాటికంటే కాస్త పొడుగు. బండి ఎత్తు పెరిగి బరువు పైకి పోయింది. నేనైతే పాతవే బిగించేవాణ్ణి. బావగారికి చక్రాల దగ్గర ఇత్తడి బరువులు అవసరమని తేలింది. ఇత్తడి వచ్చాక చక్రాలు తిప్పే మోటారు మూలగడం మొదలెట్టింది. దానికి పెద్ద మోటారు, మోటారుకి వేరే బ్యాటరీ. సంక్రాంతి నుంచి ట్రక్కు ఏడు డబ్బాల్లో ఉంది. రాళ్ళకుప్ప మీద తోటకూర మొలిచింది.

మొన్న ఆయన దగ్గర్నుంచి ఫోను. షాకబ్జర్లలో రబ్బరు రింగులకి పూసే సిలికాన్ గ్రీజు అయిపోయిందట. "నీ దగ్గరుంటుందిగా" అన్నారు, కొంచెం ఎక్కువ తీపిగా.

ఉంది. రాజమండ్రి రత్నం ఎబొనైటు పెన్నులు నా దగ్గర పదకొండున్నాయి. సిరా గొట్టంలోనే పోసుకునే రకం కనక మరకి ఆ గ్రీజే పూసుకుంటాను. ప్రతి ఆదివారం అన్నీ విప్పి, కడిగి, గుడ్డ మీద వరసగా ఆరబెట్టి, నీలం ఉన్నదాన్లో నలుపు, నలుపున్నదాన్లో నీలం పోస్తాను. వాటితో ఈ ఏడాది రాసినవి చాకలిపద్దు, రెండు అడ్రసులు. ఇది ఫోనులో కొడుతున్నాను.

ట్యూబు జేబులో వేసుకుని కిందికి దిగేసరికి గేటు దగ్గర బావగారు స్కూటరు స్టార్టు చేసి ఉంచారు. దిండు తేలేదు.